ఎందుకమ్మా తాళంచెవి?

పిల్లల ఆరోగ్యం కోసం ఒక బడి చేయగలిగిన గొప్ప పని ఏమిటో మీకు తెలుసా? వ్యాయామమా? కాదు. పౌష్టికాహారమా? అదీ కాదు. బాత్రూమ్‌కి గట్టి తాళం వేయడం!

ముఖం అలా పెట్టకండి. ముందు చెప్పేది వినండి. నేను తాళాలు అమ్ముకునేవాణ్ని కాబట్టి ఇలా అంటున్నానని మీకు అనిపించవచ్చు. నిజమే, బజారు మలుపులో ఉన్న తాళాల దుకాణం నాదే. సూట్‌కేసుకి వేసే బుల్లి తాళం నుంచి గోడౌన్ షట్టర్‌కి వేసే పిడికెడంత తాళం దాకా అన్నీ నా దగ్గర దొరుకుతాయి. కానీ ఈ విషయంలో నాకు స్వార్థం లేదు. ఉన్నా కొంచెమే.

మా ఇంటికి దగ్గర్లో ఒక ఆడపిల్లల బడి ఉంది. అందులో మా అక్క సైన్సు టీచరు. ఆమె కూతురు, అంటే నా మేనకోడలు, అదే బడిలో ఏడో తరగతి. ఆ పిల్లకి నేను పెట్టిన పేరు గుండుసూది. మనిషి సన్నం, మాట గుచ్చుకుంటుంది. వీళ్లిద్దరూ కాక ఈ వ్యవహారంలో ముఖ్యులు ఇంకా ఇద్దరున్నారు. ఒకరు ప్రిన్సిపాల్‌గారు. రెండోది నా తాళం.

ప్రిన్సిపాల్‌గారు మంచి మనిషి. వెటకారం కాదు, నిజంగానే అంటున్నాను. ఆయనకి బడి అంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, బడిలో ఉన్న ఏ వస్తువునీ పిల్లలు ముట్టుకోవడం ఆయన చూడలేరు. లైబ్రరీలో పుస్తకాలని బీరువా అద్దంలోంచి చూసి ఆనందించాలి. కొత్తగా కొన్న టేబుల్ టెన్నిస్ బల్లకి దుప్పటి కప్పి పడుకోబెట్టారు, దానికి జలుబు చేస్తుందేమో అన్నట్టు.

ఆయనకి ఒకే ఒక్క అలవాటు. ఎవరేం అడిగినా "ఎందుకు?" అంటారు. సుద్దముక్క కావాలంటే "ఎందుకు?" సెలవు కావాలంటే "ఎందుకు?" కొత్తగా చేరిన అటెండరు "నమస్కారం సార్" అంటే దానికి కూడా "ఎందుకు?" అన్నారని స్టాఫ్ రూమ్‌లో చెప్పుకుంటారు. అది కోపం కాదు, నోటి అలవాటు.

ఆ మధ్య ఆయన ఏదో సెమినార్‌కి చేతులు ఊపుకుంటూ వెళ్లి, ఒక ఇత్తడి గంట పట్టుకుని తిరిగొచ్చారు. దాని పేరు నీళ్ల గంట. పిల్లలు బడిలో సరిగ్గా నీళ్లు తాగడం లేదట. అందుకే తలనొప్పులు, కళ్లు తిరగడాలు, లెక్కల్లో తక్కువ మార్కులు. కాబట్టి రోజుకి మూడుసార్లు గంట కొట్టాలి. కొట్టగానే ప్రతి పిల్లా బాటిల్ ఎత్తి గటగటా తాగాలి. ఎంత మంచి ఆలోచన!

లోపలికి వెళ్లిన నీళ్లు ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాలన్న సంగతి కూడా సెమినార్‌లో చెప్పే ఉంటారు. బహుశా అది భోజనాల వేళకి ముందు చెప్పిన చివరి ముక్క అయి ఉంటుంది. అప్పటికే మన ప్రిన్సిపాల్‌గారు ప్లేటు పట్టుకుని ఉంటారు.

గంట వచ్చాక దానికో ఇన్‌ఛార్జి కావాలి కదా? మా అక్క కొంగుకి "ఆరోగ్య ఇన్‌ఛార్జి" అని బ్యాడ్జి పెట్టారు. అక్క ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. చిన్నప్పుడు నాకు పళ్లు తోమడం నేర్పిస్తానని చిగుళ్లు ఊడగొట్టినంత పని చేసింది. ఇప్పుడు బడి మొత్తం ఆమె చేతికి చిక్కింది!

పద్ధతి ఇలా ఉండేది. గంట మోగగానే టీచర్లందరూ టీ తాగడానికి స్టాఫ్ రూమ్‌కి వెళ్తారు. వాళ్లకీ దాహం ఉంటుంది కదా! పిల్లలు తరగతిలోనే ఉండి నీళ్లు తాగుతారు. కాసేపయ్యాక అక్క ఒక్కో తరగతికీ వెళ్లి గుమ్మంలో నిలబడి "బోర్లించండి!" అంటుంది. పిల్లలందరూ ఒక్కసారిగా లేచి బాటిళ్లు తలకిందులు చేస్తారు. ఒక్క చుక్క కూడా రాలకూడదు. ఏ రోజూ రాలలేదు.

అక్క సంతోషం చూడాలి మీరు! "ఒరేయ్, మా పిల్లలు బంగారాలురా. ఒక్కరు కూడా మిగల్చరు" అని మా ఇంటికొచ్చి చెప్పి, నేను తాగుతున్న మంచినీళ్ల గ్లాసు వైపు అనుమానంగా చూసేది. నేను భయపడి బోర్లించేవాణ్ని.

సరే, తాళం సంగతికొద్దాం.

ఆరోగ్య పాఠశాలల పోటీ ఒకటి ప్రకటించారు. గెలిచిన బడికి పెద్ద షీల్డు. ప్రిన్సిపాల్‌గారు ఆ షీల్డు కోసం పాత బాత్రూమ్‌లు కూలగొట్టించి కొత్తవి కట్టించారు. తెల్లటి టైల్స్, లోపల గడియ ఉన్న తలుపులు, గోడ పొడవునా అద్దం, సబ్బుకి ఒక చిన్న పళ్లెం. ఏ గొప్పింటికీ తీసిపోదు! అన్నీ పూర్తయిన రోజు ఆయన నేరుగా నా దుకాణానికి వచ్చారు.

"జడ్జీలు వచ్చేదాకా ఇది ఇలాగే తళతళలాడాలి. పిల్లలు వెళ్తే పాడు చేస్తారు. మంచి తాళం ఒకటి ఇవ్వండి" అన్నారు.

నా దగ్గరున్న వాటిలో బాగా మొండిది చూసి ఇచ్చాను.

మరి పిల్లలు వెళ్లాల్సి వస్తే? ఆ మాత్రం ఆలోచన ఆయనకి లేదనుకోకండి! తాళంచెవి ఆయన బల్ల సొరుగులోనే ఉంటుంది. అడిగితే ఇస్తారు. ఇవ్వనని ఎవరన్నారు? ఆఫీసు రూమ్‌కి వెళ్లాలి, అంతే. అక్కడ గుమస్తా ఉంటాడు, ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రులుంటారు, పుస్తకాలు అమ్మడానికి వచ్చిన ఏజెంట్లుంటారు. వాళ్లందరి మధ్యలోంచి వెళ్లి "సార్, బాత్రూమ్ తాళంచెవి" అనాలి. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని "ఎందుకమ్మా తాళంచెవి?" అంటారు.

అయ్యలారా, అమ్మలారా! బాత్రూమ్ తాళంచెవి ఎందుకు? మీకేమైనా జవాబు తడుతోందా? పన్నెండేళ్ల ఆడపిల్ల ముక్కూమొహం తెలియని మగవాళ్ల ముందు నిలబడి దీనికి ఏమని చెప్పాలి? ఏ పాఠం వెనక ప్రశ్నల్లోనైనా ఉందా?

అందుకే ఎవరూ అడగలేదు. దానివల్ల కలిగిన లాభాలు చూడండి!

మొదటిది, ఏకాగ్రత. మధ్యాహ్నం క్లాసుల్లో ఒక్క పిల్ల కూడా కదిలేది కాదు. కాళ్లు బిగించుకుని, పళ్లు బిగపట్టుకుని, బోర్డు మీదే చూపు నిలిపి కూర్చునేవాళ్లు. ఎవరో పెద్దమనిషి తనిఖీకి వచ్చి, ఈ బడిలో ధ్యానం నేర్పిస్తున్నారా అని అడిగాడట.

తర్వాత ఆటలు. సాయంత్రం బడి వదిలే గంట కొట్టాక ఆ గేటు దగ్గర నిలబడి చూడాలి మీరు. ఏం పరుగు, ఏం పరుగు! మలుపులో కుక్కలు కూడా దారి ఇచ్చేవి. ఇళ్ల దగ్గర తల్లులు మురిసిపోయేవాళ్లు. ఇల్లంటే పిల్లకి ఎంత ప్రేమో, రాగానే బ్యాగు విసిరేసి లోపలికే పరిగెడుతోంది అని.

ఇక పచ్చదనం! ఇది నేను కూడా ఊహించలేదు. తరగతుల వెనక వైపు కిటికీల కింద వరసగా పూలకుండీలు ఉండేవి. ఎప్పుడూ ఎండిపోయి, పుల్లల్లా నిలబడి ఉండేవి. నీళ్ల గంటకి తాళం కూడా తోడయ్యాక అవి చిగురించాయి. మొగ్గలు తొడిగాయి. విరగబూశాయి! ముఖ్యంగా ఏడో తరగతి కిటికీ కింద గులాబీలు అరచేతులంతేసి. తోటమాలి వాటి దగ్గర నిలబడి ఫోటో దిగాడు. తను నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తు లేదు. అంతా తన చేతివాసి అనుకున్నాడు పాపం.

ఇన్ని శుభాల మధ్య ఒక చిన్న చిక్కు వచ్చింది. మా గుండుసూదికి జ్వరం వచ్చింది.

జ్వరం, పొత్తికడుపులో నొప్పి. వెనక ఒకసారి ఇలాగే వచ్చి తగ్గింది. ఈసారి తగ్గలేదు. వాళ్ల నాన్న డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నాడు కాబట్టి స్కూటర్ మీద నేనే ఇద్దరినీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పరీక్షలు చేయించి, రిపోర్టు ముందు పెట్టుకుని కూర్చుంది.

"నీళ్లు తాగుతోందా?" అని అడిగింది.

"రోజుకి మూడు బాటిళ్లండీ!" అంది అక్క వెంటనే. "బడిలో ఆరోగ్య ఇన్‌ఛార్జిని నేనే. బోర్లించి మరీ చూస్తాను."

"ఇది యూరిన్ ఇన్ఫెక్షన్ అమ్మా. రిపోర్టు చూస్తే పగలంతా చుక్క నీళ్లు తాగుతున్నట్టు లేదు. పైగా ఆపుకుంటోంది."

"అయితే మీ ల్యాబ్ వాళ్లని ఒకసారి బోర్లించి చూడండి. తప్పు అక్కడే ఉంటుంది!"

గుండుసూది మాత్రం పైన తిరుగుతున్న ఫ్యాన్‌ని శ్రద్ధగా చూస్తూ కూర్చుంది. మామూలుగా అయితే ఇలాంటి చోట దాని నోరు ఊరుకోదు.

డాక్టరమ్మకి కోపం రాలేదు. టీచరు తల్లుల్ని ఆవిడ చాలామందిని చూసి ఉంటుంది. "మందులు రాస్తాను. కానీ మందు ముఖ్యం కాదు. నీళ్లు బాగా తాగాలి, వచ్చినప్పుడల్లా వెళ్లాలి. మళ్లీ ఇలాగే తీసుకొచ్చారంటే హాస్పిటల్లో చేర్చుకోవాల్సి వస్తుంది. కిడ్నీలతో ఆటలు కాదమ్మా" అంది.

ఆ మాట విన్నాక అక్క ఇంటికి వచ్చేదాకా పిల్ల చెయ్యి వదల్లేదు. భయపడింది. కానీ భయం కన్నా పౌరుషం ఎక్కువున్న మనిషి కదా, రెండోది పైకొచ్చింది. జ్వరం తగ్గి పిల్ల బడికి వెళ్లిన మొదటి రోజే, డాక్టరమ్మది తప్పని తేల్చేయాలనుకుంది. నీళ్ల గంట వేళకి స్టాఫ్ రూమ్‌కి వెళ్లకుండా, తరగతుల వెనక్కి వెళ్లి ఏడో తరగతి కిటికీ పక్కన గోడకి ఆనుకుని, గులాబీ కుండీల మధ్య నక్కి నిలబడింది. అక్కడి నుంచి పిల్లలు తాగడం కళ్లారా చూద్దామని.

గంట మోగింది.

కిటికీ ఊచల మధ్యలోంచి ఒక చెయ్యి వచ్చింది. చేతిలో మూత తీసిన బాటిల్. దాని పక్కనే ఇంకో చెయ్యి. పక్క కిటికీలోంచి ఇంకో నాలుగు. వెనక పిల్లలు ముందు పిల్లలకి బాటిళ్లు అందిస్తున్నారు. తోపులాట లేదు, అరుపులు లేవు, వంతులవారీగా! అక్క నేర్పిన క్రమశిక్షణ ఎక్కడికి పోతుంది? బుడబుడమంటూ నీళ్లన్నీ గులాబీల మీద పడ్డాయి. గులాబీల మధ్య ఉన్న ఆరోగ్య ఇన్‌ఛార్జి మీద కూడా పడ్డాయి.

నెత్తి మీంచి కారుతున్న నీళ్లు తుడుచుకుంటూ అక్క తలెత్తి చూసింది. తన మీద వంగిన బాటిల్ నీలం రంగుది. మెడ దగ్గర సొట్ట. పొద్దున తను కాచి, చల్లార్చి, వడగట్టి పోసిన నీళ్లు!

ఆ సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అక్క పిల్లని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకు ఒక్క మాట చెప్పకూడదటే?"

"ఏం చెప్పనమ్మా? నువ్వు టీచర్‌వి. మీ స్టాఫ్ రూమ్ పక్కన బాత్రూమ్ ఉంది. నీకు తెలీదు."

"పోనీ వెళ్లి తాళంచెవి అడగొచ్చు కదా?"

"అడిగాను. ఒకసారి."

"అడిగితే?"

"ఎందుకమ్మా అన్నారు."

"నువ్వేమన్నావు?"

గుండుసూది దుప్పటి అంచు మెలిపెడుతూ, "ఏం లేదు సార్ అని వచ్చేశాను" అంది.

అక్క ఏడ్చింది. నేను అటు తిరిగి, బాగానే ఉన్న వాళ్ల తలుపు గడియని బాగుచేస్తున్నట్టు నటించాను. నాకూ కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు, తెలిసినా చెప్పను. ఆ తాళం మొండిదని చెప్పాను కదా.

మర్నాడు అక్క ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి వెళ్లి తాళం తీయించమని అడిగింది. ఆయన చాలా మర్యాదగా, "ఇన్నాళ్లు ఆగారు మేడం, జడ్జీలు వచ్చేది వచ్చే వారమే. అప్పటిదాకా ఆగలేరా?" అన్నారు. ఆగడం అనే మాట ఆయన ఏ అర్థంలో వాడారో ఆయనకే తెలియాలి.

జడ్జీలు వచ్చిన రోజు పొద్దున్నే నాకు బడి నుంచి కబురు వచ్చింది. ఎప్పుడూ తీయకపోవడంతో తాళం బిగుసుకుపోయిందట. జడ్జీల ముందు తెరుచుకోకపోతే పరువు పోతుంది, వెంటనే రమ్మని. నేను నూనె డబ్బా పట్టుకుని వెళ్లి ఆఫీసు రూమ్‌లో ఒక మూల కూర్చున్నాను. లోపల ముగ్గురు జడ్జీలు. ఒకాయన చేతిలో అట్ట, పెన్ను. రెండో ఆవిడ కాగితంతో విసురుకుంటోంది. మూడో ఆయన పని తల ఊపడం. ప్రిన్సిపాల్‌గారు నీళ్ల గంట గొప్పతనం చెబుతున్నారు.

గుమ్మంలో మా అక్క కనిపించింది. వెనక ఏడో తరగతి మొత్తం వరసగా నిలబడి ఉంది. ప్రతి చేతిలోనూ బాటిల్. ఖాళీది. కానీ వాళ్లు నిలబడిన తీరు చూస్తే తెలుస్తోంది, ఈసారి నీళ్లు గులాబీలకి వెళ్లలేదని.

"సార్, బాత్రూమ్ తాళంచెవి కావాలి" అంది అక్క.

ప్రిన్సిపాల్‌గారు మాటల జోరులో ఉన్నారు. తలెత్తకుండానే, "ఎందుకు?" అన్నారు.

మా అక్క గొంతు సంగతి మీకు తెలియదు. ఒక తరగతిలో పాఠం చెబితే పక్క తరగతి వాళ్లు కూడా నోట్సు రాసుకుంటారు. ఆ గొంతుతో చెప్పింది.

"ఒంటికి వెళ్లడానికి సార్! బాత్రూమ్‌లో ఇంకేం చేస్తారు? వీళ్లు ఏడో తరగతి. ఎనిమిదో తరగతి మెట్ల మీద నిలబడింది. మిగతావాళ్లు గంట కోసం చూస్తున్నారు."

విసురుకుంటున్న ఆవిడ విసురుకోవడం ఆపేసింది. గుమస్తా కాగితాల్లో తల దూర్చేశాడు. వరసలో మూడో పిల్ల మా గుండుసూది. తల దించుకోలేదు. ప్రిన్సిపాల్‌గారి మొహంలోకి సూటిగా చూస్తోంది.

ఆయన సొరుగు తెరిచి తాళంచెవి తీశారు. అక్క చేతికి ఇస్తుంటే పెదాలు కదిలాయి. పాపం, ఆయనకి "ఎందుకు" అనే మాట నోట్లోనే ఆగిపోవడం అదే మొదటిసారి. నేను పరిగెత్తుకెళ్లి నూనె పోసి తాళం తీశాను. నేను అమ్మిన సరుకు ఇంత మొండిదైనందుకు ఆ ఒక్కరోజు సిగ్గుపడ్డాను.

లోపల అద్దానికి అంటించి ఉన్న ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు. గుండుసూది బయటికి వచ్చేముందు దాన్ని ఒక మూల నుంచి పట్టుకుని సర్రున లాగేసిందట. పిల్లలందరూ కేరింతలు కొట్టారు. ఆ కేరింతలు ఆఫీసు రూమ్ దాకా వినిపించాయి.

తర్వాత జడ్జీలు వచ్చి చూశారు. అట్ట ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "నేల తడిగా ఉంది. సబ్బు అరిగింది. అద్దం మీద చేతి ముద్రలు. మొత్తానికి వాడుతున్నట్టున్నారు" అని పెదవి విరిచి మార్కులు కొట్టేశాడు.

ఇదండీ తాళం తీసిన ఫలితం! బడికి షీల్డు రాలేదు. అంతటితో పోయిందా? పిల్లలు నీళ్లు నిజంగానే తాగేయడం మొదలుపెట్టాక కుండీలు మళ్లీ పుల్లలయ్యాయి. ఏడో తరగతి కిటికీ కింద గులాబీలు ఎక్కడివక్కడ వాడిపోయాయి. తోటమాలి తన చేతివాసి పోయిందని దిగులు పడి, చివరికి నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం క్లాసుల్లో ఆ ధ్యానం లేదు, పిల్లలు కదులుతున్నారు, నవ్వుతున్నారు. సాయంత్రం నింపాదిగా కబుర్లు చెప్పుకుంటూ నడిచి వస్తున్నారు. ఇళ్ల మీద ప్రేమ తగ్గింది! డాక్టరమ్మకి కూడా నష్టమే, మా గుండుసూది మళ్లీ ఆవిడ గుమ్మం తొక్కలేదు. తాళం మాత్రం వృథా పోలేదు. దాన్ని టేబుల్ టెన్నిస్ గదికి వేశారు.

షీల్డు ఎవరికి వచ్చిందంటారా? అవతల రోడ్డులో ఉన్న ఇంకో ఆడపిల్లల బడికి. అక్కడి బాత్రూమ్‌లు చూసి జడ్జీలు ముచ్చటపడ్డారట. నేల మీద చుక్క తడి లేదట. అద్దం మీద ప్లాస్టిక్ కాగితం అలాగే ఉందట. తరగతుల కిటికీల కింద పూలైతే, కళ్లు తిప్పుకోలేకపోయారట!

ఆ వార్త పేపర్లో పడిన దగ్గర్నుంచి నా దుకాణానికి ప్రిన్సిపాళ్ల రాక పెరిగింది. అందరికీ మొండి తాళమే కావాలి. ఇంతకన్నా మంచి రోజులు నా వ్యాపారానికి వస్తాయా? కానీ ఏం లాభం! నాకు కొత్తగా ఒక పాడు అలవాటు అంటుకుంది.

మొన్న ఒకాయన టై కట్టుకుని వచ్చారు. దుకాణం నిండా జనం. తలుపు కబ్జాల కోసం వచ్చిన వడ్రంగి ఉన్నాడు, తాళంచెవి పోగొట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఆయన నెమ్మదిగా, "గట్టి తాళం ఒకటి ఇవ్వండి. బడికి" అన్నారు.

నేను కళ్లజోడు పైకి తోసుకున్నాను. అక్క గొంతు అరువు తెచ్చుకున్నాను.

"ఎందుకు సార్ తాళం? బడిలో దేనికి?"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన వడ్రంగిని చూశారు, ఆడవాళ్లని చూశారు, తన బూట్లని చూసుకున్నారు. టై చివర మెలిపెడుతూ, "ఏం లేదులెండి" అని గొణిగి వెళ్లిపోయారు.

బేరం పోయింది. అయినా మళ్లీ ఇంకో ప్రిన్సిపాల్ రాకపోతాడా అని, గొంతు సవరించుకుని కౌంటర్ దగ్గర కూర్చున్నాను.